మామ కంప్యూటర్‌కు అప్‌డేట్: కర్నూలు నుంచి ఏడు వారాల ప్రాజెక్టు డైరీ

2025 సెప్టెంబర్ 27, శనివారం

పొద్దున్నే మామ ఫోన్. "అల్లుడా, విండోస్ 10కి అక్టోబర్ 14తో సరి అని పేపర్లో ఏసినారు. అంటే ఆ పొద్దు నుంచి మన కంప్యూటర్ లేయదా?"

లేస్తుంది మామా, ఎప్పటిలాగే పని కూడా చేస్తుంది అన్నాను. ఆగేది సెక్యూరిటీ ప్యాచ్‌లు. విండోస్ 10 వచ్చింది 2015 జులైలో. ఈ పదేళ్లూ అందులో లొసుగు బయటపడినప్పుడల్లా పూడుస్తూ వచ్చారు. 14 తర్వాత బయటపడేవి పూడ్చకుండా అలాగే ఉండిపోతాయి. వాటి సంగతి దొంగలకు మాత్రం తెలుస్తూనే ఉంటుంది. సాయంత్రం వస్తానని చెప్పాను.

మామ ముప్పై ఏళ్లు దస్తావేజు లేఖరిగా చేశాడు. ఇప్పుడు ఆఫీసు దగ్గర కూర్చోవడం మానేశాడు గానీ, తెలిసినవాళ్లు ఇంటికే వచ్చి డ్రాఫ్టు రాయించుకుంటారు. క్రయ దస్తావేజులు, భాగపరిష్కారాలు, దాన సెటిల్‌మెంట్లు, వీలునామాలు, అన్నీ ఆ ఒక్క డెస్క్‌టాప్‌లోనే. ఇంటిల్లిపాది ఫొటోలూ అందులోనే. 2014లో కొన్నది. నాలుగో తరం ఇంటెల్ ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. విండోస్ 7తో వచ్చింది, తర్వాత 10కి మార్పించారు.

వెళ్లి వెర్షన్ చూశాను. 21హెచ్2. ఇళ్లలో వాడే విండోస్ 10లో ఈ వెర్షన్‌కు ప్యాచ్‌లు 2023 జూన్ 13నే ఆగిపోయాయి. మామ ఏ తేదీకి భయపడుతున్నాడో అది ఈ ఇంట్లో రెండేళ్ల కిందటే వచ్చి వెళ్లిపోయింది. సర్వీసుల జాబితా తెరిస్తే విండోస్ అప్‌డేట్ ఎదురుగా 'డిసేబుల్డ్' అని ఉంది.

"నెట్టంతా అదే తాగేస్తాందని ఒక పిల్లోడు ఆపి పోయినాడులే" అన్నాడు మామ.

అప్పుడు వీళ్లకు ఫోన్ హాట్‌స్పాటే దిక్కు, కాబట్టి ఆ బాధ నిజమే. కానీ దానికి సర్వీసునే చంపక్కర్లేదు. సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్‌ను 'మీటర్డ్' అని పెడితే పెద్ద డౌన్‌లోడ్‌లు అడక్కుండా మొదలు కావు. ఇప్పుడు ఇంట్లో ఫైబర్ ఉంది. ఆపినదాన్ని మళ్లీ పెట్టాలని ఎవరికీ తోచలేదు.

వెంటనే అప్‌డేట్ బటన్ నొక్కేయాలనిపించింది. నొక్కలేదు. మూడేళ్లుగా కదలని మెషీన్, పదకొండేళ్ల డిస్క్, మామ బతుకంతా అందులో ఉంది. ఒక్క డ్రాఫ్టు పోకూడదు, మామ పని ఒక్క రోజు కూడా ఆగకూడదు, ఏ మెట్టు మీద తేడా వచ్చినా కింది మెట్టుకు దిగగలగాలి. ఈ మూడూ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

సెప్టెంబర్ 28, ఆదివారం

ఈ రోజంతా బ్యాకప్‌తోనే సరిపోయింది. ముందు డిస్క్ ఆరోగ్యం చూశాను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పసుపు రంగులో 'కాషన్' చూపించింది. పాడైన సెక్టార్లు 8, వాటి బదులు వేరేవి వాడుకుంటోంది. ఈ స్థితిలో డిస్క్ రేపే పోవచ్చు, ఇంకో రెండేళ్లు నడవనూవచ్చు. పెద్ద అప్‌డేట్ అంటే గంటల తరబడి రాత, చెరుపు. నిన్న ఆ బటన్ నొక్కనందుకు స్థిమితంగా అనిపించింది.

1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చి డ్రాఫ్టుల ఫోల్డర్, ఫొటోలు, డెస్క్‌టాప్ మీదున్నవి అన్నీ కాపీ పెట్టాను. మామ దగ్గర పోయినేడాది కాపీ చేసుకున్న పెన్‌డ్రైవ్ కూడా ఒకటి ఉంది. దాన్నీ అదే ఫోల్డర్‌లో కలిపేద్దామనుకున్నా. ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉన్నాయి, ఏది ఉంచాలని విండోస్ అడిగింది. ఒకటి 2024 తేదీ, ఇంకొకటి 2014 జనవరి తేదీ. ఎవరైనా కొత్త తేదీదే ఉంచుతారు. నా వేలు కూడా అటే వెళ్లింది.

ఎందుకో అనుమానమొచ్చి రెండూ తెరిచి చూశాం. అదొక భాగపరిష్కారం. 2024 తేదీ ఉన్నదాంట్లో ఇద్దరు అన్నదమ్ముల వాటాలే ఉన్నాయి. 2014 తేదీ ఉన్నదాంట్లో ఆడబిడ్డ వాటా కూడా చేర్చి, చెక్కుబందీ, అంటే నాలుగు హద్దుల వివరం, తిరగరాసి ఉంది. "ఇదే ఫైనల్ అల్లుడా, మొన్న ఉగాదికి రాసింది" అన్నాడు మామ. మొన్న ఉగాదికి రాసిన కాగితం పదకొండేళ్ల కిందటి తేదీతో ఉంది!

కారణం మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ. అది అయిపోయి చాలా కాలమైంది. మెయిన్ స్విచ్ ఆపిన ప్రతి రాత్రీ గడియారం 2014 జనవరి 1కి వెళ్లిపోతుంది. పొద్దున్నే నల్ల తెర మీద ఎఫ్1 నొక్కమని అడుగుతుంది, మామ నొక్కుతాడు. గుర్తొచ్చిన రోజు తేదీ సరిచేస్తాడు, పని తొందరలో ఉంటే అలాగే కూర్చుంటాడు. అందుకే ఆ ఫోల్డర్‌లో ఏ తేదీనీ నమ్మడానికి లేదు. ‘కొత్తవి మాత్రమే కాపీ చెయ్యి’ అనే పద్ధతిలో బ్యాకప్ తీసి ఉంటే అసలైన ఫైనల్ కాగితాలే వదిలేసి ఉండేది.

కలపడం మానేశాను. 'కంప్యూటర్ నుంచి', 'పెన్‌డ్రైవ్ నుంచి' అని రెండు ఫోల్డర్లు, దేనికదే. అటు ఇటు ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోల్చి మామ చేత నోట్‌బుక్‌లో రాయించా.

కాపీ అయింది కదా అని వదిలేయకుండా డిస్క్ తీసి నా ల్యాప్‌టాప్‌కు పెట్టి పది డ్రాఫ్టులు తెరిచాను. ఒక్క తెలుగు అక్షరం లేదు. 'తూర్పు: రస్తా, పడమర: ...' అని ఉండాల్సిన చోట టోపీలు, చుక్కలు తగిలించుకున్న ఇంగ్లిష్ అక్షరాల వరసలు. ఫైళ్లు పాడయ్యాయేమోనని గుండె ఝల్లుమంది. పాడవలేదు. మామ టైప్ చేసేది, అన్ని మెషీన్లకూ ఒకే అక్షర సంకేతాలైన యూనికోడ్ రాకముందు నుంచీ ఉన్న డీటీపీ ఫాంట్లతో. ఫైల్ లోపల దాచేది ఇంగ్లిష్ అక్షరాల సంఖ్యలే. వాటికి తెలుగు రూపం తొడిగేది ఆ ఫాంట్. ఫాంట్ లేని మెషీన్‌లో ఆ దస్తావేజు ఎవరికీ అర్థం కాదు. కాబట్టి ఫాంట్ల ఫోల్డర్, టైపింగ్ సాఫ్ట్‌వేర్ సీడీ, దాని లైసెన్సు నంబరు, ప్రింటర్ డ్రైవర్ కూడా బ్యాకప్‌లో చేరాయి. ల్యాప్‌టాప్‌లో ఫాంట్లు వేసి మళ్లీ తెరిస్తే చెక్కుబందీ చక్కగా కనబడింది.

అక్టోబర్ 2, గురువారం

దసరా. కంప్యూటర్‌ను ముట్టుకోలేదు. నిన్న ఆయుధ పూజకు అత్త దానికి కూడా కుంకుమ పెట్టి, కీబోర్డు మీద బంతిపువ్వు పెట్టింది.

భోజనాలయ్యాక మాటలు 2009కి వెళ్లాయి. అదీ అక్టోబర్ 2నే. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చిన రోజు. మామ వాళ్లు అప్పుడు పాతబస్తీలో ఉన్నారు. మిద్దె మీద రాత్రంతా కూర్చుని, నీళ్లు తీశాక కిందికి దిగితే, ఇరవై ఏళ్ల డ్రాఫ్టు పుస్తకాలు బురదలో అట్టలు కట్టి ఉన్నాయి. పెళ్లి ఆల్బమ్ విప్పితే ఒక ఫొటోకు ఇంకో ఫొటో అంటుకుని రంగంతా ఊడొచ్చింది. ఆరబెట్టి కాపాడుకోగలిగిన నలభై ఫొటోలను తర్వాత స్కాన్ చేయించారు. అవి ఇప్పుడు ఈ డిస్క్‌లోనే ఉన్నాయి, పసుపు రంగు కాషన్ చూపిస్తున్న ఈ డిస్క్‌లో.

"కాగితాలైతే తడుస్తాయి, కంప్యూటర్లో పెడితే ఏం గాదన్నారు" అంది అత్త.

ఆదివారం తీసిన బ్యాకప్ డిస్క్ కంప్యూటర్ టేబుల్ సొరుగులోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. రెండూ ఒకే గదిలో, ఒకే ఎత్తులో. ఇంకో డిస్క్‌లో రెండో కాపీ తీసి అనంతపురంలో మా అక్క వాళ్లింట్లో పెట్టాలని నిర్ణయించాం. తుంగభద్ర అంత దూరం రాదు. డ్రాఫ్టుల్లో జనాల ఆధార్ నంబర్లు, సర్వే నంబర్లు ఉంటాయి కాబట్టి ఊరు దాటే కాపీని 7-జిప్‌తో పాస్‌వర్డ్ పెట్టి ఎన్‌క్రిప్ట్ చేస్తాను. ఆ పాస్‌వర్డ్ మామ బీరువాలో, కాగితం మీద ఉంటుంది.

అక్టోబర్ 4, శనివారం

రెండు బ్యాటరీలు మార్చాం.

మొదటిది బిళ్ల బ్యాటరీ. సీఆర్2032, వాచీ షాపులో కూడా దొరుకుతుంది. కొత్తదైతే 3 వోల్టులు ఉండాలి. పాతదాన్ని మల్టీమీటర్‌తో చూస్తే 1.2. తీయకముందు మామకు ఒకటి చూపిద్దామని తేదీ 2014లోనే ఉంచి, ఆపి ఉన్న సర్వీసును కాసేపు తెరిచి అప్‌డేట్ వెతికించాను, తర్వాత మళ్లీ ఆపేశాను. 80072ఎఫ్8ఎఫ్‌తో ముగిసే ఎర్రర్ వచ్చింది. అప్‌డేట్ సర్వర్ తన గుర్తింపుగా ఒక సర్టిఫికెట్ చూపిస్తుంది. దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. మన గడియారం 2014 అంటుంటే ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. అందుకే కంప్యూటర్ తలుపు తీయదు. "ముందు తేదీ ఏసి స్టాంపు పేపర్ తెస్తే రిజిస్ట్రేషన్ కానట్టు" అన్నాడు మామ. సరిగ్గా అదే.

విండోస్ కంటే ముందు లేచే బయోస్ సెట్టింగ్ తెరలన్నీ ఫోన్‌తో ఫొటో తీసుకుని, కరెంటు తీగ పూర్తిగా పీకి, బిళ్ల మార్చి, తేదీ పెట్టాను. మెయిన్ ఆపి గంట తర్వాత వేస్తే ఎఫ్1 అడగలేదు. మామ కాసేపు తెర వైపు చూసి "అడగలా!" అన్నాడు.

రెండోది యూపీఎస్‌లోది. పేరుకు 600 వీఏ యూపీఎస్ ఉంది గానీ కరెంటు పోగానే కంప్యూటర్ కూడా దాంతోపాటే పోతుంది. విప్పితే బ్యాటరీ పక్కలు ఉబ్బిపోయి ఉంది. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ కొత్తది వేసి, రాత్రంతా ఛార్జ్ పెట్టాం. పాతదాన్ని షాపువాడికే తిరిగి ఇచ్చాను, అందులో సీసం, యాసిడ్ ఉంటాయి, చెత్తలో వేయకూడదు.

అక్టోబర్ 5, ఆదివారం

యూపీఎస్ ప్లగ్ పీకి వాచీ చూశాం. సీపీయూ, మానిటర్ రెండూ పెడితే 17 నిమిషాలు నిలబడింది. ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించలేదు. లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటును ఈ చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

డిస్క్ మార్పిడికి నిన్న వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్, 480 జీబీ ఎస్ఎస్‌డీ తెచ్చాను. వాడింది 140 జీబీయే కదా, చాలుతుందనుకున్నా. ఒక డిస్క్‌ను ఉన్నదున్నట్టు ఇంకో డిస్క్‌లోకి నకలు తీసే క్లోన్‌జిల్లా ఒప్పుకోలేదు. అది మామూలుగా అడిగేది లోపల ఎంత నిండిందని కాదు, కొత్త డిస్క్ పాతదానికంటే చిన్నదా కాదా అని. 500కి 480 చిన్నదే. పార్టిషన్ కుదించి ప్రయత్నించవచ్చు గానీ కాషన్ చూపిస్తున్న డిస్క్ మీద ఆ పని చేయబుద్ధి కాలేదు. షాపుకు వెళ్లి 512ది మార్చుకొచ్చాను.

క్లోనింగ్‌లో భయపడాల్సిన చోటు ఒక్కటే. ఏ డిస్క్ నుంచి, ఏ డిస్క్‌లోకి. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద కూర్చుంటుంది. అందుకని రెండు డిస్కుల మోడల్, సీరియల్ నంబర్లు ముందే కాగితం మీద రాసి, తెర మీదివి నేను చదువుతుంటే మామ కాగితంతో పోల్చాడు. "ఇచ్చేవాడు పాతోడు, పుచ్చుకునేవాడు కొత్తోడు. సరే, కానీ" అన్నాకే ఎంటర్ కొట్టాను. ముప్పావు గంట పట్టింది.

తర్వాత పాత డిస్క్ కేబుల్ పీకేసి, ఎస్ఎస్‌డీ ఒక్కదానితోనే స్టార్ట్ చేశాం. ఒకదానికొకటి నకలైన రెండు డిస్కులూ తగిలించి మొదటిసారి ఆన్ చేయడం మంచిది కాదు, విండోస్ ఎవరు ఎవరో తికమకపడుతుంది. నిమిషంన్నర పట్టే స్టార్టింగ్ ఇప్పుడు ఇరవై సెకన్లలో అయిపోయింది. డ్రాఫ్టులు, ఫాంట్లు, ఫొటోలు అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

పాత హార్డ్ డిస్క్‌ను గుడ్డలో చుట్టి, మీద 'సెప్టెంబర్ వరకు ఉన్నదంతా, చెరపొద్దు' అని రాసి అటక మీద పెట్టాం. ఇక అప్‌డేట్‌లో ఏం జరిగినా పావుగంటలో ఈ డిస్క్ తగిలిస్తే మామ మళ్లీ పని చేసుకోగలడు. ఈ మొత్తం పనిలో నాకు టెన్షన్ దిగిన గడియ ఇది.

అక్టోబర్ 11, శనివారం

అప్‌డేట్ రోజు. కరెంటు నిలకడగా ఉండే టైమని పొద్దున ఆరున్నరకే కూర్చున్నాం.

తేడా వస్తే సిస్టమ్‌ను వెనక్కి తిప్పుకోవడానికి రిస్టోర్ పాయింట్ పెట్టాను. అప్‌డేట్ సర్వీసును 'డిసేబుల్డ్' నుంచి మళ్లీ మామూలుకు తెచ్చాను. 'చెక్ ఫర్ అప్‌డేట్స్' నొక్కితే ఈసారి తేదీ గొడవ లేదు, జాబితా వరసగా వచ్చింది. కొన్నేళ్ల ప్యాచ్‌లన్నీ విడివిడిగా రావు. విండోస్ 10లో నెలవారీ అప్‌డేట్ అంటే పాతవన్నీ కలుపుకుని వచ్చే ఒకే మూట. కాబట్టి తాజాది ఒక్కటి ఎక్కితే చాలు.

రెండోసారి రీస్టార్ట్ అవుతూ 30 శాతం దగ్గర ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటోంది. అత్త వంటింట్లోంచి "ఆపేయండి, ఆపేయండి" అంటోంది. ఇలాంటప్పుడు స్విచ్ ఆపడమే ప్రమాదం, సిస్టమ్ ఫైళ్లు సగం పాతవి సగం కొత్తవి అయిపోతాయి. 17 నిమిషాల లెక్క ఉంది కనుక కదలకుండా కూర్చున్నాం. ఆరు నిమిషాల్లో కరెంటు వచ్చింది. పోయిన ఆదివారం వాచీ పట్టుకుని కొలవకపోయి ఉంటే ఆ ఆరు నిమిషాలూ ఎలా గడిచేవో.

పదకొండుకల్లా విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 అయింది. 21హెచ్2 నుంచి 22హెచ్2కి పోవడం పెద్ద ఎత్తేం కాదు. లోపలి సరుకు ఒకటే, నెలవారీ మూట ఎక్కితే చివర్లో చిన్న ప్యాకేజీ ఒకటి వచ్చి కొత్త వెర్షన్‌ను మేల్కొలుపుతుంది.

తర్వాత మామ రోజూ చేసే పనులన్నీ వరసగా చేయించాను. డ్రాఫ్టు తెరవడం, తెలుగులో రెండు లైన్లు కొట్టడం, సేవ్, ప్రింట్. ప్రింట్ దగ్గర పట్టుబడింది. డ్రైవర్ కొత్తదయ్యాక పేపర్ సైజు లీగల్ నుంచి ఏ4కి మారిపోయింది. స్టాంపు పేపర్ లీగల్ సైజు. తెల్ల కాగితం మీద మొదట తీశాం కాబట్టి సరిపోయింది. నేరుగా స్టాంపు పేపర్ పెట్టి ఉంటే, పేజీ కింద సాక్షుల సంతకాల చోటు తప్పి, ఆ పార్టీ డబ్బులు వృథా అయ్యేవి. డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోస్ తనంతట తాను మార్చే ఆప్షన్ కూడా తీసేశాను. ప్రతి అప్‌డేట్ తర్వాత మొదటి ప్రింట్ తెల్ల కాగితం మీదే అని మామ మానిటర్ అంచుకు చీటీ అంటించాడు.

అక్టోబర్ 15, బుధవారం

నిన్నటితో విండోస్ 10 మామూలు సపోర్ట్ అయిపోయింది. అందరికీ వచ్చే చివరి ప్యాచ్ నిన్న రాత్రి మన టైమ్ పదిన్నరకు విడుదలైంది. నెలనెలా రెండో మంగళవారం అమెరికా పసిఫిక్ టైమ్‌లో పొద్దున పదికి వదలడం మైక్రోసాఫ్ట్ అలవాటు. ఈ పద్ధతి 2003 నుంచీ ఉంది. మనకు అది కనబడేది బుధవారం పొద్దున్నే.

ఇప్పుడేం చేయాలన్నది అసలు ప్రశ్న. విండోస్ 11 అధికారికంగా కుదరదు. దానికి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, స్టార్టింగ్‌లో మోసాన్ని ఆపే సెక్యూర్ బూట్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఆ పైది ఉండాలి. మామది నాలుగో తరం. ఆ తనిఖీలను దాటేసి ఎక్కించే దొడ్డిదారులు ఉన్నాయి గానీ, అలా ఎక్కించిన మెషీన్‌కు అప్‌డేట్‌లు వస్తాయన్న హామీ లేదని కంపెనీయే చెబుతోంది. అప్‌డేట్ కోసం చేస్తున్న పనిలో అప్‌డేట్‌కే హామీ లేని దారి ఎందుకు? వద్దన్నాను.

ఇంకోటి ఈఎస్‌యూ, అంటే పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్‌లు. ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. చేరాలంటే 22హెచ్2 ఉండాలి, అది మొన్ననే అయింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. లేదంటే వెయ్యి రివార్డ్ పాయింట్లు, అదీ కాదంటే 30 డాలర్లు. అప్‌డేట్ పేజీలోనే 'ఎన్‌రోల్ నౌ' కనబడింది, ఉచిత దారిలో చేర్చాను. ఒక్క జాగ్రత్త తీసుకున్నా. సెట్టింగ్స్ మాత్రమే సింక్ కావాలి. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌కు పోకుండా ఆపాను. జనాల ఆధార్ నంబర్లను వాళ్లను అడక్కుండా క్లౌడ్‌లోకి పంపే హక్కు మాకు లేదు.

"ప్యాచ్ వచ్చిన పొద్దే ఏసుకోవాల్నా, నాలుగు దినాలు చూడాల్నా?" అని అడిగాడు మామ. రెండు పక్కలా ఉదాహరణలు ఉన్నాయి. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 కొత్త వెర్షన్ విడుదలైనప్పుడు కొందరి డాక్యుమెంట్స్ ఫోల్డర్లలోని ఫైళ్లు చెరిగిపోయాయి. కొద్ది రోజుల్లోనే దాని పంపిణీ ఆపేశారు. బ్యాకప్ ఉన్నవాళ్లు బతికారు. రెండో పక్కన వానాక్రై, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వైరస్. దానికి ప్యాచ్ 2017 మార్చి 14నే వచ్చింది. దాడి మే 12న. మధ్యలో 59 రోజులు. వేసుకోని కంప్యూటర్లే దొరికిపోయాయి. బ్రిటన్ ఆసుపత్రుల నుంచి మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్ల వరకు. కాబట్టి మామకు నేను చెప్పింది ఇది: వెర్షన్ మార్పులకు తొందర లేదు, నెలలు ఆగవచ్చు. నెలవారీ సెక్యూరిటీ ప్యాచ్‌కు ఆ ఆదివారం వరకు, అంటే నాలుగైదు రోజులు ఆగవచ్చు, అంతకు మించొద్దు. లొసుగును అప్పటికే దొంగలు వాడుకుంటున్నారని వార్త వస్తే ఆ రోజే.

అక్టోబర్ 19, ఆదివారం

రేపు దీపావళి. అత్త నోముల పాట వెతుకుతుంటే తెరంతా ఎర్రగా మారి, కంప్యూటర్‌కు వైరస్ సోకింది, అప్‌డేట్ కోసం ఈ నంబరుకు ఫోన్ చేయండని అరుపు మొదలైందట. "నాయనా, మనం అప్‌డేట్ చేసినాం కదా, మళ్లీ ఏంది?" అని నాకు ఫోన్ చేసింది. ఆ నంబరుకు చేయకుండా నాకు చేసింది, అదే పదివేలు. నిజమైన అప్‌డేట్ ఏ వెబ్‌పేజీలోనూ రాదు, ఏ ఫోన్ నంబరూ ఇవ్వదు, సెట్టింగ్స్ లోపల మాత్రమే ఉంటుంది. బ్రౌజర్‌ను టాస్క్ మేనేజర్ నుంచి మూయించాను. ఎప్పుడైనా సైబర్ మోసంలో డబ్బు పోతే వెంటనే చేయాల్సిన 1930 నంబరును ఫ్రిజ్ మీద రాసిపెట్టింది.

ఇది చూశాక ఇంకో పని చేశాను. రోజువారీ వాడకానికి అడ్మిన్ హక్కులు లేని వేరే అకౌంట్. ఏదైనా ఇన్‌స్టాల్ కావాలంటే మామ పాస్‌వర్డ్ కొట్టాలి.

అక్టోబర్ 26, ఆదివారం

ఈఎస్‌యూతో మామకు దొరికింది ఒక ఏడాది గడువే. ఆ తర్వాతి దారి ఇప్పటినుంచే చూడాలి. విండోస్ బదులు వాడే లినక్స్ మింట్ 22ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూపించాను, డిస్క్ మీద ఏమీ రాయకుండా. ఈ పాత మెషీన్‌లో హాయిగా నడిచింది. 2029 వరకు సెక్యూరిటీ అప్‌డేట్‌లు వస్తాయి. అప్‌డేట్‌కు ముందు సిస్టమ్‌ను ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకుని వెనక్కి తెచ్చే టైమ్‌షిఫ్ట్ అందులోనే ఉంది.

అడ్డు అక్షరాల దగ్గరే. మామ టైపింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌ది. ఏ సిస్టమ్‌కు మారాలన్నా డ్రాఫ్టులు ముందు యూనికోడ్ కావాలి. యూనికోడ్ అయితే 'తూర్పు' అన్న మాట ఫోన్‌లోనైనా, లినక్స్‌లోనైనా, పదేళ్ల తర్వాత వచ్చే మెషీన్‌లోనైనా 'తూర్పు'గానే ఉంటుంది. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తుల దగ్గర తప్పులు పోతున్నాయి. 'విస్తీర్ణం', 'హక్కుదార్లు' లాంటి మాటలు ఒక్కొక్కటీ కంటితో చూడాలి. దస్తావేజులో ఒత్తు తప్పితే మనిషి పేరే మారుతుంది. మామ రోజుకు రెండు డ్రాఫ్టులు దిద్దుతానన్నాడు, ముందు వీలునామాలు.

నవంబర్ 12, బుధవారం

నిన్న రాత్రి పదకొండున్నరకు నవంబర్ ప్యాచ్ వచ్చింది. అమెరికాలో గడియారాలు వెనక్కి జరిగాయి కాబట్టి మనకు గంట ఆలస్యం. విండోస్ 10కి ఈఎస్‌యూ కింద వచ్చిన మొదటి నెలవారీ ప్యాచ్ ఇదే. అప్‌డేట్ పేజీలో కనబడింది, అంటే చేరిక సరిగ్గా పనిచేసింది. ఆదివారం వేద్దామని పాజ్ పెట్టించాను.

నవంబర్ 16, ఆదివారం

నేను కుర్చీ వెనక నిలబడ్డాను, కీబోర్డు మామది. ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి ఈ నెల డ్రాఫ్టులు తేదీ పేరుతో కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేశాడు. అందులోంచి మూడు తెరిచి చూశాడు. డిస్క్ పీకి పక్కన పెట్టాడు, ఎందుకంటే తగిలించి ఉంచితే కంప్యూటర్‌కు పట్టిన వైరస్ బ్యాకప్‌కూ పడుతుంది. యూపీఎస్ పచ్చ లైటు చూశాడు. రిస్టోర్ పాయింట్ పెట్టాడు. పాజ్ తీసి అప్‌డేట్ నొక్కాడు. రెండు రీస్టార్ట్‌లు, ఇరవై ఐదు నిమిషాలు. తెల్ల కాగితం మీద ఒక ప్రింట్, లీగల్ సైజు, నాలుగు హద్దులూ సరిగ్గా ఉన్నాయి.

నోట్‌బుక్‌లో దస్తావేజు ధోరణిలోనే రాసుకున్నాడు: '2025 నవంబర్ 16వ తేదీ, ఆదివారం. నెల ప్యాచ్ వేయడమైనది. ప్రింటు సరి. కాపీ ఒకటి ఇంట్లో, ఒకటి అనంతపురంలో, పాత డిస్కు అటక మీద.'

మిగిలిన పని: అక్క దగ్గరున్న కాపీని సంక్రాంతికి మార్చాలి. యూనికోడ్‌లోకి మార్చాల్సిన డ్రాఫ్టులు 340, ఇప్పటికి అయినవి 38, అన్నీ వీలునామాలే. వచ్చే ప్యాచ్ డిసెంబర్ 9 రాత్రి.